ఆ వంకర గీత మాది కాదు

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజుల్లో ‘రేపు బంద్’ అని టీవీలో కనబడగానే దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపులవాళ్ళు తల పట్టుకునేవారు, హాస్టళ్ళవాళ్ళు కూరగాయల కోసం పరుగులు పెట్టేవారు. నేను మాత్రం లోలోపల సంబరపడేదాన్ని. తిట్టుకోకండి. మాది రోడ్ల మీద తెల్ల గీతలు గీసే వ్యాపారం. మాకు ముందు కావలసింది ఖాళీ రోడ్డు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు మామూలు రోజుల్లో ఎప్పుడు ఖాళీగా ఉంది కనక? మనం గీత గీస్తుంటే పక్క నుంచి ఆటో దూరుతుంది. ఇంకా ఆరని గీత మీంచి బైకు పోతుంది. పోయినవాడు ఆగి, తన టైరుకు సున్నం అంటిందని మళ్ళీ మనల్నే తిడతాడు. బంద్ రోజున ఆ బాధ ఉండదు.

మా ఆయన అసలు బోర్డులు రాసే ఆర్టిస్టు. మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కొత్తలో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల గోడల మీద అక్షరాలన్నీ ఆయన చేతివే. తర్వాత ఫ్లెక్సీలు వచ్చిపడ్డాయి. పొద్దున ఫోటో ఇస్తే సాయంత్రానికి ఇంటికప్పంత బ్యానరు చేతిలో పెట్టేవారు. ఇంక బ్రష్ పట్టుకున్నవాడి మొహం చూసేదెవరు? ఆయన ఉసూరుమంటూ ఇంట్లో కూర్చుంటే చూడలేక, నేనే వెంటపడి రోడ్లు గీసే మిషన్ కొనిపించాను. తిన్నగా అక్షరం రాసే చెయ్యి తిన్నగా గీత గీయలేకపోతుందా అని నా ధీమా.

మిషన్ అంటే పెద్ద హంగామా ఏమీ కాదు. గ్యాసు పొయ్యి మీద ఒక బాయిలర్, చేత్తో తోసుకుపోయే ఒక బండి. సంచుల్లో వచ్చే పొడిని బాయిలర్‌లో ఉడికిస్తే చిక్కటి తెల్లముద్ద అవుతుంది. దాన్ని బండిలో పోసి తోస్తూపోతే కింద గీత పడుతుంది. ఆ గీత వేడి మీద ఉండగానే బండి వెనక డబ్బాలోంచి బీడ్స్ రాలి దానికి అతుక్కుంటాయి. బీడ్స్ అంటే గాజుపూసలు. పూసలంటే దండ గుచ్చుకునేవి అనుకునేరు, బొంబాయి రవ్వ కన్నా సన్నగా ఉంటాయి. చీకట్లో బండి లైటు పడగానే గీత తళుక్కుమనేది వాటివల్లే. అవి లేకపోతే ఎంత చక్కటి గీతయినా పొద్దుగూకాక లేనట్టే లెక్క.

ఆయన తోస్తారు, నేను మాట్లాడతాను. మా ఇద్దరి మధ్య పని అలా పంచుకున్నాం. ఆయన మాట్లాడితే టెండర్ పోతుంది, నేను తోస్తే గీత పోతుంది.

మేం మొదలుపెట్టినప్పుడు ఈ వైపున ఈ పని చేసేవాళ్ళు ఒకరో ఇద్దరో. ఏడాది తిరిగేసరికి పుట్టగొడుగుల్లా లేచారు. బాయిలర్ ఉన్నవాడల్లా కాంట్రాక్టరే, లేనివాడు కిరాయికి తెచ్చుకుని కాంట్రాక్టరే. నేనొక రేటు వేస్తే పక్కవాడు అంతకు తక్కువ వేసేవాడు. వాడి మీద పంతంతో నేను ఇంకా తక్కువ వేసేదాన్ని. ఇలాగే ఇంకొన్నాళ్ళు సాగితే ఎదురు డబ్బిచ్చి ఊరి రోడ్లన్నీ గీసిపెట్టేవాళ్ళమే.

అందరిలోకీ నా ప్రాణం తీసినవాడు మన్సూరాబాద్ ఆయన. అక్కడి పాత కాపు కుటుంబం. తాతల పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అమ్మిన డబ్బుతో ఈయన కొత్త బాయిలర్, కొత్త బండి కొన్నాడు. సరుకు మాత్రం మేలైనది వాడేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన బీడ్స్ ముందు మావి వెలవెలబోయేవి. మెడలో ఎప్పుడూ ఉద్యమం కండువా, చెవికి ఎప్పుడూ ఫోను. ఫోన్ మాట్లాడుతూనే బండి తోసేవాడు మహానుభావుడు! అవతలివాడితో వాదన ముదిరినప్పుడల్లా ఇక్కడ గీత పక్కకు జరిగేది.

కనబడినప్పుడల్లా ఆయన నాతో ఒకటే పాట. “ఎందుకు మేడమ్ గీ పరేషాన్? మిషన్ నాకిచ్చెయ్యుండ్రి. ఆరాంగ ఇంట్ల కూసోండ్రి.”

“నా బాయిలర్ మీద చెయ్యేస్తే చెయ్యి కాలుతుంది, జాగ్రత్త” అనేదాన్ని నేను.

అలా అన్నానే గాని, ఆ ఏడాది మా పరిస్థితి ఏమీ బాగాలేదు. పనులు లేక బాయిలర్ చల్లబడి కూర్చుంది. అలాంటప్పుడు ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ వైపు కాలనీ రోడ్లన్నిటికీ గీతలు గీసే పెద్ద పని ఒకటి వచ్చింది. పోటీలో చివరికి మిగిలింది మేమూ, మన్సూరాబాద్ ఆయనా. ఇద్దరిదీ ఒకే రేటు. “ఈ పని మనకు రాకపోతే మిషన్ ఆయనకే ఇచ్చేద్దామండీ, ఇంక నావల్ల కాదు” అని మా ఆయనతో అనేశాను. కాసేపటికి చూస్తే ఆయన పెరట్లో తన తువ్వాలుతో బండి చక్రాలు తుడుస్తున్నారు. అప్పటికే మన్సూరాబాద్ ఆయనకూ ఆ మాట ఇచ్చేశాను కదా, ఎలాగైనా ఈ పని కొట్టాల్సిందే అనుకున్నాను.

మా రేట్ల యుద్ధంతో, ఆ పని ఇచ్చే కార్పొరేషన్ ఇంజినీరుగారికి విసుగొచ్చేసింది. “మీ కాగితాలు చదివి చదివి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. కొత్తపేట దగ్గర చెరో ముక్క గీసి చూపించండి. ఎవరు ఏ ముక్క గీస్తారో మీరే పంచుకోండి. ఎల్లుండి బంద్ కాబట్టి రోడ్డు ఖాళీగానే ఉంటుంది. మర్నాడు సాయంత్రం వచ్చి జీపు లైట్లేసి చూస్తా. బాగున్నవాళ్ళకు పని” అన్నారు.

బంద్ రోజున రోడ్డయితే ఖాళీ, సరే. మరి సామాను తీసుకెళ్ళే ట్రాలీ ఆటో కదలాలి కదా? చంపాపేటలో మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మను అడిగాను. ఆవిడది అక్కడి పాత ఊరి కుటుంబం. ఆ రోజు ఉద్యమంవాళ్ళు కొత్తపేట దగ్గర వంటా-వార్పు పెట్టుకున్నారు. అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అందరూ అక్కడే బంతులుగా కూర్చుని తిని నిరసన తెలపడం. వంటకు పెద్ద మా ఓనరమ్మే.

“అక్కా, బంద్ రోజు మమ్మల్ని పని చేసుకోనిస్తారా?” అన్నాను భయం భయంగా.

“దుకాణం తెరిస్తే తప్పు గని రోడ్డు మీద ముగ్గేస్తే తప్పేంది?” అంది. మా గీతలను ఆవిడ ఎప్పుడూ ముగ్గులనే అనేది. “మా ట్రాలీలనే నీ సామానెయ్యి. బ్యానర్ గట్టి ఉంటది, ఎవ్వరాపరు. గని ముందుగాల నీ గీత గియ్యాలె. దాని పొంటి మావోళ్ళను కూసోబెడ్త, బంతులు సక్కగొస్తయ్.”

“రాష్ట్రం వచ్చాక మమ్మల్ని పంపించేస్తారేమో అక్కా, ఇప్పుడే మంచి చేసుకుంటున్నా” అన్నాను.

“యాడికి పోతవే? నీ కిరాయి నాకెవరిస్తరు?” అని పెద్దగా నవ్వింది.

అలా బంద్ రోజు పొద్దున్నే ఒకే ట్రాలీలో వాళ్ళ సామాను, మా సామాను ఊరేగాయి. బియ్యం, కందిపప్పు, ఉప్పు, విస్తరాకుల కట్టలు వాళ్ళవి. పొడి సంచులు, బీడ్స్ సంచి మావి. బీడ్స్ వచ్చిన సంచి చిరిగిపోతే ముందురోజు నేనే వాటిని ఒక పాత తెల్ల ప్లాస్టిక్ సంచిలోకి ఒంపాను. వాళ్ళు కిరాణా కొట్టు నుంచి తెచ్చిన ఉప్పూ అలాంటి సంచిలోనే ఉంది. కొత్తపేటలో ఒక మూసేసిన షాపు ముందు అన్నీ కలిపి దించారు. వంటవాళ్ళు ఒక తెల్లసంచి పట్టుకుపోయారు, మా కూలీలు ఒకటి పట్టుకొచ్చారు. అది ఎవరూ ఆలోచించాల్సిన విషయం కాదు కదా.

ఆహా, ఆ రోజు రోడ్డు చూడాలి! నున్నగా, నల్లగా, ఇటు దిల్‌సుఖ్‌నగర్ దాకా, అటు ఎల్బీనగర్ దాకా ఒక్క బండి లేదు. ఒకవైపు వాళ్ళ పొయ్యిల మీద పెద్ద గుండిగల్లో అన్నం, పప్పు. పక్కనే మా బాయిలర్‌లో తెల్లముద్ద. నినాదాలు ఇస్తూ వచ్చినవాళ్ళు మా బాయిలర్‌లోకి తొంగిచూసి, “పాయసం మస్తు చిక్కగున్నది, నాక్కూడ జర ఒడ్డించవా అక్కా” అని ఆటపట్టించారు. మన్సూరాబాద్ ఆయన అవతలి ముక్క మీద అప్పటికే పని మొదలెట్టాడు. చెవికి ఫోను మామూలే.

ఓనరమ్మ పప్పులో ఉప్పు వేస్తూ నాకు చూపించింది. “గీ ఉప్పెంత సక్కగున్నదో సూడు బిడ్డా, పొడి పొడిగ, చేతికి అంటుతనే లేదు.”

“ఏ కొట్లో తెచ్చారో చెప్పండి, నేనూ తెచ్చుకుంటా” అన్నాను. అంతలో మా ఆయన పిలిచారు.

“ఇదిగో, బీడ్స్ సరిగ్గా జారట్లేదు. తేమ తగిలినట్టుంది. ఒకసారి చూద్దామా?”

“చూడ్డానికేముందండీ? ఇంకాసేపు ఉడికితే ముద్ద పసుపెక్కుతుంది. డబ్బా మీద తడుతూ తోయండి. అవతల ఆయన అయిపోవస్తున్నాడు” అని కసిరాను. నా మాట కాదనే అలవాటు ఆయనకు లేదు. డబ్బా తట్టుకుంటూ తోసుకుపోయారు.

గీత మాత్రం ఏమొచ్చిందనుకున్నారు! దారం పట్టి లాగినట్టు వచ్చింది. నేను ఒక చివర కూర్చుని, ఒక కన్ను మూసి చూశాను. ఎక్కడా ఒక వెంట్రుకవాసి తేడా లేదు. ఇంక పని మాదే, మిషన్ మాదే అనుకున్నాను. మా ఆయన వైపు చూసి నవ్వితే ఆయనా నవ్వారు. ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం అరుదు.

గీత ఆరాక ఓనరమ్మ జనాన్ని దానికి అటూ ఇటూ రెండు బంతులుగా కూర్చోబెట్టింది. మన్సూరాబాద్ ఆయన తన పని ముగించుకుని, చేతులు కడుక్కుని వచ్చి మొదటి విస్తరి ముందే కూర్చున్నాడు. “ఇయ్యాల మీ గీత మీద బువ్వ తింటున్న మేడమ్. ఎల్లుండి మీ మిషన్ తీసుకపోత” అన్నాడు.

“ముందు ముద్ద మింగండి, తర్వాత మిషన్ మింగుదురుగాని” అన్నాను.

అన్నం వడ్డించారు, పప్పు వడ్డిస్తున్నారు. గుండిగ దగ్గర ఓనరమ్మ గొడవ పడుతోంది. అరచేతిలో పప్పు వేసుకుని నాకి చూడటం, మొహం చిట్లించడం, మళ్ళీ గుప్పెడు వేయడం. “ఏందే ఇది? ఎంతేసినా ఉప్పెక్కుతలేదు!”

“నిదానం అక్కా, అందరికీ బీపీ తెప్పించేరు” అని నేను పరాచికాలాడుతున్నాను.

అప్పుడు మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. గీత చివర వంగి వేలితో దేన్నో తీసి నాలుక మీద వేసుకున్నారట. మొహం పాలిపోయి ఉంది. ఆయన చెప్పింది ఒక్కటే మాట. “ఉప్పు.”

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మా గీత మీద ఉప్పేంటి? మరుక్షణం వెలిగింది. మా గీత మీద వాళ్ళ ఉప్పుంటే, ఆ పప్పులో ఉన్నదేమిటి? ఇంతమంది కడుపులు! అందులోనూ తెలంగాణ వంటా-వార్పులో, ఆంధ్రా కాంట్రాక్టర్ గాజు. పొరపాటంటే ఎవరు నమ్ముతారు? పారిపోవాలనిపించిన మాటా నిజమే. కానీ నా నోటికి నా బుర్ర కన్నా వేగం ఎక్కువ.

“తినకండి! ఎవరూ తినకండి!” అని గావుకేక పెట్టాను. మన్సూరాబాద్ ఆయన అప్పటికే ముద్ద కలిపి నోటి దాకా తెచ్చాడు. ఒక్క గంతులో వెళ్ళి ఆయన చేతి మీద ఛెళ్ళున కొట్టాను. ముద్ద ఎగిరి ఆయన కండువా మీద పడింది.

“ఏందమ్మా ఇది! టెండర్ కొట్లాట ఇస్తరాకు దాంక తెస్తవా?” అని ఆయన లేచి నిలబడ్డాడు.

“పప్పులో గాజు పడింది! నా బీడ్స్! సంచులు మారాయి. మీ ఉప్పు నా గీత మీద ఉంది, నా గాజు మీ పప్పులో ఉంది. మీ కాళ్ళు పట్టుకుంటా, ఎవరూ నోట్లో పెట్టకండి!”

వెనక నుంచి ఎవరో “ఏసిందెవరు?” అని గట్టిగా అడిగారు. అందరి కళ్ళూ నా మీదే.

ఓనరమ్మ గరిటెతో గుండిగ అడుగు నుంచి తోడి పప్పు నీళ్ళు ఒంపేసింది. అరచేతిలో మిగిలినదాన్ని ఎండకు పెట్టింది. తళతళమని మెరిసింది. ఉమ్మేసి, నోరు పుక్కిలించి, కొంగు దోపి గట్టిగా చెప్పింది. “నేనే ఏసిన. నా చేతులతోనే ఏసిన. అడిగేదుంటే నన్నడుగుండ్రి!”

అప్పుడావిడ నా వైపు తిరిగింది. “ఇంత నోరున్నది గదనే నీకు, సంచి మీద ఒక్క అక్షరం రాయియ్యకపోతివా? నీ మొగడు బోర్డులు రాసెటోడే గద!”

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఒకరి నుంచి ఒకరికి పాకి రోడ్డు రోడ్డంతా నవ్వింది. మా ఆయన తల దించుకుని నిలబడ్డారు, పాపం. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అన్నంలో ఉప్పు వేయరు కాబట్టి గుండిగలో అన్నం బాగానే ఉంది. మజ్జిగలో ఇంకా ఏమీ వేయలేదు. మన్సూరాబాద్ ఆయనే నలుగురిని పిలిచి, వడ్డించిన విస్తళ్ళన్నీ తీయించి, పశువులు ముట్టకుండా ఖాళీ ప్లాటులో గొయ్యి తీసి పప్పంతా పూడ్పించాడు. మరి అన్నంలోకి ఏమిటి? నేను వెనక కాలనీలోకి పరుగెత్తాను. అక్కడ మావైపువాళ్ళ ఇళ్ళే ఎక్కువ. బంద్ రోజు కదా, అన్నీ లోపల గడియలు పెట్టుకుని ఉన్నాయి. “నేనేనండీ, రోడ్డు గీతలావిణ్ణి, ఆవకాయ కావాలి” అని తలుపులు బాదాను. ఉద్యమానికి ఆవకాయేమిటని ముందు తెల్లబోయారు. సంగతి విన్నాక జాడీలు తీశారు. కొందరు మోసుకొచ్చి, ఇచ్చేసి వెనక్కి తిరగబోతే ఓనరమ్మ ఊరుకోలేదు. “పచ్చడి తెచ్చినోళ్ళు తినకుండ పోతరా? కూసోండ్రి!” అని విస్తళ్ళు వేసింది. ఆవకాయ నాలిక్కి రాసుకుని, “ఇగో, ఇప్పుడు ఉప్పెక్కింది” అంది.

అందరూ తిన్నారు. నాకు మాత్రం మెతుకు దిగలేదు. చల్లారిన గీత మీద బీడ్స్ చల్లితే నిలవవు. కొత్తగా గీద్దామంటే పొడి అయిపోయింది, తెద్దామంటే షాపులన్నీ బంద్. మర్నాడు రోడ్డు మామూలే, కాలు పెట్టే సందు ఉండదు. బంద్ అంటే సంబరపడ్డందుకు నాకు తగిన శాస్తి జరిగింది. దానికి తోడు, భోజనాలయ్యాక ఆడవాళ్ళు బిందెలతో రోడ్డు కడిగారు. ఉప్పు కరిగిపోయి మా గీత నిండా సన్నటి గుంటలు మిగిలాయి.

మర్నాడు దీపాలు పెట్టేవేళ ఇంజినీరుగారు వచ్చి, రోడ్డు పక్కన జీపు ఆపి లైట్లు వేయించారు. మన్సూరాబాద్ ఆయన గీత తళుక్కుమని లేచింది. మాది అసలు ఉందో లేదో తెలియలేదు.

“ఎవరిది ఏది?” అన్నారు ఇంజినీరుగారు.

నేను నోరు తెరిచేలోపే మన్సూరాబాద్ ఆయన అందుకున్నాడు. “మెరిసేది అక్కది సార్. గా సచ్చిన గీత నాది.”

నేను గతుక్కుమన్నాను. ఆయన నా వైపు చూడటం లేదు, చూపంతా ఎటో పెట్టుకుని నిలబడ్డాడు. మేడమ్ కాస్తా అక్క అయిందని కూడా అప్పుడే గమనించాను. మా ఆయన నా మణికట్టు గట్టిగా నొక్కారు. ఊరుకో అని. నాకు అంతా అర్థమైంది. నోరు మూసుకుంటే చాలు. పని మాది, మిషన్ మాది. పెదాలు బిగబట్టాను. నా జన్మలో అంత కష్టపడి ఎప్పుడూ ఊరుకోలేదు.

ఇంజినీరుగారు మెరిసే గీత ముందు కూర్చుని ఒక కన్ను మూశారు. “మెరుపు బ్రహ్మాండంగా ఉంది మేడమ్. కానీ గీతేంటి ఇలా మెలికలు తిరిగింది? మీ ఆయన చెయ్యి మంచిదని విన్నానే!” తర్వాత మా గీత దగ్గరికి వెళ్ళి చూశారు. “మెరుపు లేదు గాని, దీని తీరు చూడండి. ఏమయ్యా, నీ చెయ్యి ఇంత తిన్నగా ఎప్పటినుంచి?” అని మన్సూరాబాద్ ఆయన భుజం తట్టారు.

“ఏదో సార్, మీ దయ” అన్నాడాయన, సిగ్గుపడుతూ!

నా మణికట్టు మీద మా ఆయన పట్టు సడలింది. చూస్తే ఆయన నేల వైపు చూస్తూ నిలబడ్డారు. బోర్డులు పోయినప్పుడు కూడా ఆయన మొహం అంతలా చిన్నబోలేదు. ఇంక నావల్ల కాలేదు.

“ఆ వంకర గీత మాది కాదు!” అని అరిచాను. “ఫోన్ మాట్లాడుతూ గీసిన గీత ఆయనది. తిన్నగా ఉన్నది మా ఆయనది. దాని మీద పడింది ఉప్పు, అది మా ఖర్మ. అంతేగాని ఆ వంకర గీతను మాకు అంటగట్టకండి!”

మన్సూరాబాద్ ఆయన నెత్తి కొట్టుకున్నాడు. ఉప్పు సంగతి మొత్తం చెప్పాల్సి వచ్చింది. ఇంజినీరుగారు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నవ్వాక మెల్లగా అన్నారు. “అమ్మా, గీత చక్కగానే ఉంది. కాని చీకట్లో బండివాడికి కనబడకపోతే ఎంత చక్కగా ఉండి ఏం లాభం? పని ఆయనకే ఇవ్వాలి.” న్యాయమైన మాటే.

జీపు వెళ్ళిపోయాక మన్సూరాబాద్ ఆయన నా దగ్గరికి వచ్చాడు. “జర నోరు మూస్కుంటే పని మీకే ఒచ్చేది గదక్కా!”

“నిన్న మూసుకుని ఉంటే నువ్వు గాజు మింగేవాడివి తమ్ముడూ” అన్నాను.

ఇంటికి వచ్చి కరువుతీరా ఏడ్చాను. తెల్లారాక లేచి చూస్తే మా ఆయన బండి చక్రాలు తుడుస్తున్నారు. ఆ పూటే మన్సూరాబాద్ ఆయన ట్రాలీ తీసుకుని వచ్చాడు. మాటంటే మాటే కదా, నేనే గేటు తీశాను. వాళ్ళు బాయిలర్ ఎక్కించారు, బండి ఎక్కించారు. ఓనరమ్మ మెట్ల మీద నిలబడి చూస్తోంది. నేను చూడలేక మొహం తిప్పుకున్నాను.

“ఎక్కుండ్రి మరి” అన్నాడాయన.

“ఎక్కడికి?”

“పనికి! ఇంజినీర్ ముంగట నా గీత వంకర అని ఒర్లితిరి. ఇగ ఆయన గల్లీగల్లీల కూసోని ఒక కన్ను మూసి సూస్తడు. అన్న తోస్తెనే నా పని నిలవడ్తది. సగం పని మీది, సగం నాది. మిషన్ మీదే, నాకేం జేస్కోను? బీడ్స్ నావి, మంచియి.”

ఒక కాలు ట్రాలీ మీద పెట్టాను. అయినా కాంట్రాక్టరుని కదా. “ముందు రేటు మాట్లాడు. ఫోన్ మాట్లాడుతూ బండి ముట్టుకోనని ఒట్టు కూడా వెయ్యి” అన్నాను.

మా ఆయన ఎక్కకుండా ఇంట్లోకి వెళ్ళారు. ఎన్నాళ్ళుగానో అటక మీద పడున్న బ్రష్, నల్లరంగు డబ్బా పట్టుకొచ్చారు. ట్రాలీలో వంగి, బీడ్స్ ఉన్న తెల్లసంచి మీద ‘గాజు’ అని రాశారు. చుట్టూ గీత కూడా పెట్టారు, కోచింగ్ సెంటర్ బోర్డుకు పెట్టినట్టు. ఓనరమ్మ మెట్లు దిగి వచ్చి, ఆ అక్షరాలను చూసింది. “గిప్పటికైన రాసిండు” అంది.

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అయినా నేను సంచి మూతి విప్పి, వేలు తడిపి, కొద్దిగా అద్ది నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాను.

“చప్పగానే ఉంది, పదండి” అన్నాను.